తప్పు నాదా, కూర్పరిదా?

ఆదివారము ఉదయమున మా యింట వార్తాపత్రిక నాలుగు ముక్కలగును. మొదటి పుటలు మావారివి. ఆటల పుట మా అబ్బాయిది. సినిమా బొమ్మల పుట మా అమ్మాయిది. మిగిలిన కడపటి పుట నాది. అది నేను కోరి తీసికొన్నది కాదు. ఎవ్వరును కోరనందున నాకు మిగిలినది. ఆ పుట క్రింది భాగమున తెలుపు నలుపు గళ్ళతో నొక చదరముండును. దానినే పదబంధ ప్రహేళికయనియు, గళ్ళ నుడికట్టనియు మనవారు వ్యవహరింతురు. పాలు కాచి, ఫలహారములు పెట్టి, వంటకు కూరలు తరిగి యుంచిన పిదప ఆ చదరము ముందు కూర్చుండు అరగంటయే వారమున కంతకు నేను నాకై దాచుకొన్న కాలము.

ఇంత చిన్న విషయమును గూర్చి వ్యాసమేలయని సోదరీమణులు నవ్వవచ్చును. నేనును మొదట నట్లే తలచితిని. కాని గడచిన వేసవిలో ఒక చదరమునందలి రెండు గళ్ళు నాకు నేర్పిన పాఠము ఆ చదరముతో ముగియునది కాదు. అందుచే దానిని మీతో చెప్పుకొనుచున్నాను.

మేము పటాన్‌చెరువులో కాపురమున్నాము. మావారు పాశమైలారము పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని చేయుదురు. ఒక వారము పగటి షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. నేను పుట్టి పెరిగినది సంగారెడ్డిలో. మా నాయన బడిపంతులు. నిఘంటువు ముందు పెట్టుకొని మాటల ఆటలాడుట నాకు ఆయన నేర్పిన యలవాటు. మా అత్తమ్మది మంజీర యొడ్డున నొక పల్లె. మామగారు పోయిన పిదప రెండేండ్ల క్రిందట ఆమెను మాతో తీసికొని వచ్చితిమి. అంతకు ముందే చేను అమ్ముడు పోయినది. నేడు అచట జొన్నచేనునకు బదులు ఒక గోదాము నిలిచియున్నది. మా యిల్లు మూడవ అంతస్తున నున్నది. ఆమెకు అక్షరములు రావు. టెలివిజనునందు మనసు నిలువదు. బాల్కనీలో కూర్చుండి రాజమార్గముపై పోవు లారీలను చూచుచుండును. అడిగిన మాటకు బదులు చెప్పును, అడుగనిచో మౌనము. ఆమెతో ఏమి మాటలాడవలెనో నాకును తెలిసెడిది కాదు. "అన్నము తింటిరా, మందు వేసికొంటిరా" అనునంతటితో మా సంభాషణము తీరిపోవుచుండెను.

ఇక చదరము మాటకు వత్తును. చిక్కుప్రశ్నలు మనకు క్రొత్త కాదు. దండి తన కావ్యాదర్శమున మూడవ పరిచ్ఛేదమందు పదునాఱు విధముల ప్రహేళికలను వివరించెను. అఱువదినాలుగు కళల పట్టికలో ప్రహేళికయు నొకటి. గళ్ళలో పదములు కూర్చు పద్ధతి మాత్రము పడమటి దేశమునుండి వచ్చినది. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ అను పత్రికలో ఆర్థర్ విన్ అనునతడు వజ్రాకారమున నట్టి చదరము నొకదానిని ప్రచురించెను. అదియే నేటి గళ్ళ నుడికట్టునకు మూలము. తెలుగున శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఈ కూర్పునకు పూనుకొని దీనికి గౌరవము కలిగించిరి.

ఇంగ్లీషువారి గడిలో ఒక అక్షరమే యుండును. వారికి గల అక్షరములు 26. మన గడిలో హల్లు, గుణింతము, ఒత్తు, సున్న అన్నియు కలిసి ఒక్కటిగా కూర్చుండును. ఒక హల్లునకే పండ్రెండునకు మించిన రూపములుండగా, ఒత్తులను గూడ చేర్చినచో లెక్క ఎంతకు పోవునో మీరే యూహింపుడు. అందుచే అడ్డపు పదమును నిలువు పదమును కలియుటకు తగిన గడి మన కూర్పరికి సులభముగా దొరకదు. అట్లు రెండు పదములు కలియు గడిని నేను కూడలి గడి యందును. ఒక్క పదమునకే చెందినదానిని ఒంటి గడి యందును. అమెరికా పత్రికల చదరములలో ప్రతి గడియు కూడలియే. ఇంగ్లండు పద్ధతిలో ఒంటి గళ్ళు కొన్ని యుండును. నేను పూరించిన తెలుగు చదరములలో అవి ఇంకను ఎక్కువ. కూడలి గడికి ఇద్దఱు సాక్షులు. ఒంటి గడికి ఆధారవాక్యమొక్కటే సాక్షి. ఆ సాక్షి తడబడెనా, పూరించువారికి న్యాయము జరుగదు.

ఆ ఆదివారపు చదరమునకు "నిండు గాదె" యని పేరు పెట్టిరి. పైన నొక సూచన యుండెను: ఎనిమిది పదములలో ఎనిమిది ధాన్యములు వరుస చెదరక దాగియున్నవి, ఆ పదములేవో చెప్పబడవు, ఆధారములు పదమునకే గాని లోపలి ధాన్యమునకు కావు. ఇట్లు ఒక అంశమును గర్భమున దాచిన చదరమన్న నాకు మిక్కిలి ప్రీతి. విడి పదములు పూరించుట బియ్యములో రాళ్ళేరుట వంటిది. అంశమును పట్టుకొనుట ఇంటిలో పోయిన తాళపుచెవి దొరకుట వంటిది.

మొదటి గింజ వెంటనే దొరకెను. "మంజీర తుదకు చేరు ఒడి" యని ఆధారము. సంగారెడ్డి బిడ్డకు ఈ ప్రశ్న యొక ప్రశ్నయా? "గోదావరి" యని వ్రాసితిని. వ్రాసి చూతును గదా, తుది రెండు గళ్ళలో "వరి" నిలిచియున్నది! అంతట నాకు కూర్పరి మార్గము బోధపడెను.

"ఐ.ఐ.టి. యూరిని ముందు పెట్టుకొని కుట్టునది" అనుదానికి "కందిరీగ" వచ్చెను. హైదరాబాదు ఐ.ఐ.టి. మా సంగారెడ్డి చెంత కంది గ్రామమున నున్నదని ఈ ప్రాంతపు వారందఱెఱిగినదే. కంది పప్పుధాన్యము గదా యని కొందఱు ఆక్షేపింపవచ్చును. కాని మన నవధాన్యములలో కందులున్నవి కనుక కూర్పరిని క్షమించితిని. "రాష్ట్రచిహ్నములలో ఈదునది" యనుటకు "కొర్రమీను", అందు కొర్ర. "ఇతనితో చెలిమి చేసినవారు చెడరు" అనుటకు "సజ్జనుడు", అందు సజ్జ. మంచివాని మొగముననే సజ్జలు మొలపించిన కూర్పరి నేర్పునకు నేను లోలోన మెచ్చుకొంటిని.

అయిదవది నన్ను చక్కగా మోసగించెను. "అడుగు ముందుకు పడనీయకు" అని ఆధారము, నాలుగు గళ్ళు, మొదటి రెండు "అరి". అడుగు అన్న మాట చూచి నా మనసు పాదమునకు పోయినది. "అరికాలు" అని వ్రాసితిని. మూడవ గడి కూడలి. అచటనుండి బయలుదేరు అడ్డపు పదమునకు "వ్రాయునే గాని చదువదు" అని ఆధారము. మూడవ గడిలో "కా" యున్నది గనుక "కాలము" అని పూరించి, కాలము నిజముగా అందఱి నొసట వ్రాయుచునే యుండును గదా యని వేదాంతము గూడ చెప్పుకొంటిని. కాని నాలుగవ గడిలో పట్టుపురుగు గూటినుండి వచ్చు "పట్టు" అడ్డు నిలిచెను. అప్పుడు గదా తెలిసినది: అది "అరికట్టు", అడ్డపుది "కలము". ఒక్క దీర్ఘముతో నేను కలమును కాలము చేసితిని! పదము విప్పి చూడగా "అరిక" లోపల నవ్వుచున్నది. ఈ మోసము న్యాయమైన మోసము. ఆధారము నన్ను తప్పుదారిని నడపినది గాని, తానొక్క యబద్ధమును చెప్పలేదు. కూడలి గళ్ళు నన్ను వెనుకకు పిలిచినవి. తప్పు నాది, ఆనందమును నాదే.

ఆఱవది "చేతితో తట్టి పెనముపై వేయునది": "జొన్నరొట్టె". ఇచట నాకు కొంత నిరాశ కలిగెను. మిగిలిన పదములలో ధాన్యము వేఱొక అర్థము గల మాటలో మఱుగుపడియున్నది. గోదావరికిని వరికిని సంబంధము లేదు. కందిరీగకును కందికిని లేదు. జొన్నరొట్టెలో జొన్న దాగియుండలేదు, ఎదుటనే కూర్చుండియున్నది. దాగుడుమూతలాటలో ఏడుగురు దాగికొని, ఒకడు నడిమింట నిలుచుండినట్లయ్యెను. అయినను నేనే కాగితము తీసికొని, జొన్న కాని జొన్న గల మాటకై వెదకితిని. నాకును దొరకలేదు. అందుచే దీనిని దోషమనక లోపమందును.

ఏడవది "సర్వమును విడిచి తిరుగువాడు"; మూడు గళ్ళు; తుది రెండు "రాగి". "వైరాగి" యని తడుముకొనక వ్రాసితిని. రాగి ధాన్యమును వచ్చెను. మొదటి గడి ఒంటిది; దానిని దాటిపోవు వేఱు పదము లేదు.

ఇక ఎనిమిదవది మిగిలెను. "పొగతోనైన మాటతోనైన ఉన్నచోట నుండనీయకు" అని ఆధారము. అయిదు గళ్ళు. మొదటిది ఒంటి గడి. మిగిలినవి "దరగొట్టు" అని తేలినవి. "బెదరగొట్టు" అని వ్రాయవచ్చును. "చెదరగొట్టు" అనియు వ్రాయవచ్చును. "అదరగొట్టు" అన్నను గళ్ళు నిండును. ఈ మూటిలో ఏ ధాన్యము దాగియున్నది? ఏదియు లేదు. నాకు కోపము వచ్చెను. మొదటి గడిని ఒంటిగా విడిచి, ఇన్ని మాటలకు చోటిచ్చిన కూర్పరిది తప్పని నిశ్చయించి, "ఈ చదరము అన్యాయమైనది" యని పెన్సిలుతో ప్రక్కన వ్రాసి, పత్రికను మడిచి పెట్టబోయితిని.

అప్పుడు బాల్కనీనుండి మా అత్తమ్మ లోనికి వచ్చి, నా మొగము చూచి నిలిచెను.

"ఏంది బిడ్డా, గంత సేపట్నుంచి గా కాయితం దిక్కే జూస్తున్నవు?"

గింజల పేర్లు మాటలలో దాచినారనియు, ఏడు దొరకినవనియు, ఎనిమిదవది దొరకలేదనియు చెప్పితిని. ఆమె నేలపై కూర్చుండి, ఏయే గింజలు దొరకెనని అడిగెను. నేను చెప్పుచుండగా ఒక్కొక్క వ్రేలు ముడిచెను. వరి, కంది, కొర్ర, సజ్జ, అరిక, జొన్న, రాగి. పిదప తానే మిగిలిన వ్రేళ్ళను తెఱచి, "మరి సామలు లేవా? ఊదలు లేవా?" అనెను.

"ఊదలంటే ఏంటియి అత్తమ్మా?"

ఆమె నా వంక చూచిన చూపులో ఆశ్చర్యమును జాలియు కలిసియుండెను. "అయ్యో, ఊదలు తెల్వదా? సన్నగ ఉంటయి, కొర్రల తీర్గ. మా నాయిన చెల్కల ఏసెటోడు. వరిమడిల మొలిస్తే కలుపని పీకుతం గని, వండుకుంటే అన్నం పువ్వోలె ఉంటది."

ఊద! ఒంటి గడిలో "ఊ" పెట్టి చదివితిని: ఊదరగొట్టు. మాటలతో వేధించుటయను అర్థమున వార్తలలో నేను పలుమాఱులు చదివిన పదమే. కాని పొగ యెక్కడిది? అదియు ఆమెనే అడిగితిని. "చేన్ల ఎలుకలు బొక్కలల్ల దాసుకుంటే పొగ పెడ్తరు సూడు, గదే ఊదర." ఆధారవాక్యమంతయు నొక్క నిమిషములో వెలిగిపోయెను. బెదర, చెదర, అదర అను మూటిలోను ధాన్యము లేదు; ఊదరలో మాత్రమే యున్నది. అందుచే ఆ ఒంటి గడికి అంశమే రెండవ సాక్షి. కూర్పరి అన్యాయము చేయలేదు. నా యజ్ఞానమునకు నేను అతనిని దోషిని చేసితిని. ప్రక్కన వ్రాసిన మాటను చెరపివేసితిని.

మా యింటికి చేరువనే 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రమున్నది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై అచట ప్రపంచ దేశములకు పనికివచ్చు పరిశోధనలు జరుగుచున్నవి. మా జిల్లాలోనే జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చేరికతో పల్లె స్త్రీలు చిరుధాన్యముల విత్తనములను తరతరములకు దాచియుంచుచున్నారు. 2008లో మాచునూరున వారి రేడియోయు మొదలయ్యెను. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఇవన్నియు పత్రికలలో చదివినదానను. అయినను ఊదలన్న నేమో నాకు తెలియదు. తెలిసిన మనిషి మూడవ అంతస్తు బాల్కనీలో రెండేండ్లుగా మౌనముగా కూర్చుండియున్నది; ఆమెను నేనడిగినది మందు వేసికొంటిరా యని మాత్రమే.

మఱుసటి ఆదివారము సమాధానములు వచ్చినవి. మా అత్తమ్మ పిలువకయే వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. ఊదరగొట్టు సరిపోయెను. ఆమె మొగమున చిఱునవ్వు తోచెను. కాని ఏడవ పదము చోట "బైరాగి" యని యుండెను. నేను వ్రాసినది "వైరాగి". నా ప్రాణము చివుక్కుమనెను. "ఛీ, ఇది గూడ తెలియకపోయెనే" యని అనుకొని, రబ్బరు తీసి "వై" చెరిపివేయబోయితిని.

"ఏమయింది?" అని ఆమె యడిగెను. చెప్పితిని. ఆమె కొంచెము యోచించి యిట్లనెను: "బైరాగన్నా, వైరాగన్నా ఒక్కడే గద బిడ్డా. అన్నీ ఇడిసినోడే. మరి నీది తప్పెట్లయితది?"

నా చేయి ఆగెను. నిజమే గదా! నిఘంటువు తెఱచి చూచితిని. వైరాగి తత్సమము, బైరాగి దాని తద్భవము. అర్థమొక్కటే. ఆధారము రెంటికిని సరిపోవును. మొదటి గడి ఒంటిది గనుక వేఱు పదము తీర్పు చెప్పదు. అంశము తీర్పు చెప్పునా యన్న, రెంటిలోను రాగి యున్నది. ఊదరగొట్టు విషయమున అంశము సాక్షిగా నిలిచినది. ఇచట ఆ సాక్షియు లేదు. ఒక చదరమున ఒక గడికి రెండు సమాధానములు సమానముగా నిలిచినచో, పూరించినవారిది తప్పు కాదు, కూర్చినవారిది. ఆధారమున "వాడుకలో" అను నొక్క మాట చేర్చినను, ఆ గడిని కూడలి చేసినను చాలియుండెడిది.

సోదరీమణులారా! ఈ రెండు గళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రెండును ఒంటి గళ్ళే. మొదటిదానియందు తప్పు నాదై యుండగా కూర్పరిపై త్రోసితిని. రెండవదానియందు తప్పు కూర్పరిదై యుండగా నా నెత్తిన వేసికొంటిని. మొదటి పొరపాటు కోపమువలన వచ్చినది. అది పది నిమిషములలో తీరినది. రెండవది అలవాటువలన వచ్చినది. అదియే ఎక్కువ హాని చేయునది. అచ్చులో నున్నది కావున అదియే సరియనియు, నాది కావున తప్పనియు నేను ఒక్క క్షణమైన నాలోచింపక ఒప్పుకొంటిని. ఎన్నిమాఱులు మనమిట్లు చేయుట లేదు? ఒక దరఖాస్తు కాగితము అర్థము కాకున్న "నాకు చదువు చాలదు" అనుకొందుము. దానిని వ్రాసినవాడు తేటగా వ్రాయలేదేమోయని తలంపము. పిల్లవాని పాఠ్యపుస్తకములో లెక్క కుదురకున్న "నాకు లెక్కలు రావు" అందుము. లెక్కయే తప్పుగా అచ్చయ్యెనేమోయని చూడము. వినయము మంచిదే. కాని విచారింపక ఒప్పుకొనుట వినయము కాదు.

ఈ విషయమున నాకు స్ఫూర్తి నిచ్చినది మార్గరెట్ ఫర్రార్ అను అమెరికా స్త్రీ చరిత్రము. ఆమె 1921లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో కార్యదర్శినిగా చేరెను. గళ్ళ నుడికట్టులను ఎంపిక చేయు పనియు ఆమెకు అప్పగింపబడినది. మొదట ఆమె వానిని తాను పూరించి చూడకయే అచ్చునకు పంపుచుండెడిది. ఒకనాడు తానే కూర్చుండి పూరింపబోగా, అందలి తప్పులు ఆమెకే దుర్భరమయ్యెను. అది మొదలు ప్రతి చదరమును స్వయముగా పరీక్షించి సవరించుట వ్రతముగా పెట్టుకొనెను. 1924లో గళ్ళ నుడికట్టుల తొలి పుస్తకమునకు సంపాదకులైన మువ్వురిలో ఆమె యొకతె. అదే యేట ఈ యాటను కాలహరణమని యెత్తిపొడిచిన న్యూయార్క్ టైమ్స్ పత్రిక, 1942లో తానే చదరమును ప్రారంభించి దానికి ఆమెనే తొలి సంపాదకురాలిగా పిలిచెను. పూరించువారి కష్టమును తాను పడి చూచుటయే ఆమెను గొప్ప సంపాదకురాలిని చేసినది. విమర్శ యన్నది ద్వేషము కాదు. పనిని ప్రేమించువారి శ్రద్ధ.

ఈ యనుభవమువలన నేనొక కట్టడి చేసికొంటిని. పదము కుదురకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొందును. ఆధారము చెప్పిన అర్థము, వ్యాకరణము నా పదమునకు సరిపడినవా? కూడలి గళ్ళును అంశమును వేఱొక పదమును కోరుచున్నవా? ఈ రెండు పరీక్షలను రెండు పదములు దాటినచో, ఒకదానిని నిలిపి రెండవదానిని త్రోసివేయు మాట పుటలో ఎచటనైన నున్నదా? మొదటి రెంటిలో నేను ఓడితినా, తప్పు నాది. నిఘంటువునో, ఇంటిలోని పెద్దలనో అడుగుదును. మూడవదానికి బదులు లేకున్న తప్పు కూర్పరిది. నా సమాధానమును చెరుపను.

ఆ సాయంకాలమే ఆ పత్రికకు లేఖ వ్రాసితిని. ముందుగా మెప్పు వ్రాసితిని. ఏలయన మెచ్చుకొనుటయు విమర్శలో సగము. మంచివానిలో సజ్జలను, అరికట్టులో అరికలను చూపిన నేర్పును పొగడితిని. ఊదరగొట్టునకు ఆధారమిచ్చిన రీతిని మఱియు పొగడితిని. ఆ పదముపై నేను ముందు కోపించిన సంగతియు దాచలేదు. జొన్న దాగలేదని తెలిపితిని. తుదకు వైరాగి విషయమును నాలుగు వాక్యములలో వ్రాసి, మీ సమాధానము తప్పు కాదు, నాదియు తప్పు కాదు, కావున ఆధారము చాలలేదని ముగించితిని. మావారు చదివి, "ఒక్క గడికి ఇంత వ్యాజ్యమా?" యని నవ్విరి. ఒక్క గడికి కాదని చెప్పితిని. ఆయన నా మొగము చూచి మఱి నవ్వలేదు. లేఖకు ఇంతవఱకు బదులు రాలేదు, అచ్చునను కనుపింపలేదు. అందులకు నాకు విచారము లేదు. వ్రాయుటకు ముందు నాలో నున్న సందేహము వ్రాసిన పిదప లేదు. అదియే నాకు చాలును.

మా అత్తమ్మ మాత్రము మాఱినది. పదములు నేను చదివెదను, ఆమె వినును. పల్లె మాటయైనను, పంట మాటయైనను, పాత పనిముట్టు పేరైనను ఆమెకు నాకంటె ముందు తెలియును. పురాణముల పేర్లలో ఇద్దఱము సమానులము. ఇంగ్లీషు మాటలు వచ్చినచో మా అమ్మాయిని పిలుతుము. ఒక్కొక్కప్పుడు ఆమె చెప్పినది గడిలో ఇమడదు. అయినను ఆ మాట వెంబడి ఒక కథ వచ్చును: మంజీర వఱద, బంతి కట్టిన యెడ్లు, చేని గట్టున తిన్న ఊదలన్నము. చదరము నిండకపోయినను ఆ దినము వృథా కాదు.

అక్షరము రానివారికి మాట రాదని నేనెప్పుడును పైకి అనియుండలేదు. కాని నా నడవడి మాత్రము అట్లే యుండెను. ఇంటిలో నిండు గాదె పెట్టుకొని బజారున గింజలు వెదకినదానను.

నిన్నటి ఆదివారము పత్రిక వచ్చుటకు ముందే ఆమె వచ్చి కూర్చుండెను. పెన్సిలును రబ్బరును తానే తెచ్చి నా ముందు పెట్టి, "ఇయ్యాల ఏం దాచిండ్రో సూడు బిడ్డా" అనెను. మా యింట వార్తాపత్రిక ఇప్పటికిని నాలుగు ముక్కలే అగుచున్నది. కాని కడపటి పుట ఇప్పుడు ఇద్దఱిది.